సీలు చెదరని మట్టముక్క

బుల్డోజర్ డ్రైవర్ గోడ నీడలో కూర్చుని పుదీనా టీ చప్పరిస్తున్నాడు. మధ్యాహ్నం నమాజ్ కాగానే బండి స్టార్ట్ చెయ్యమని అతనికి ఆర్డరు. అంటే మబ్రూకా ఖర్జూరపు తోటకి మిగిలిన ఆయుష్షు ఆ ఒక్క పొద్దుటి పూటే. ఇన్‌స్పెక్టర్ వర్దియా షెల్లాలీకి దొరికిన గడువూ అంతే.

సస్యరక్షణ శాఖ విజిలెన్స్‌లో వర్దియాకి మొండిఘటం అని పేరు. మబ్రూకా పెట్టుకున్న అర్జీ మీద రాజధాని నుంచి రాత్రంతా ప్రయాణం చేసి, ముఖమైనా కడుక్కోకుండా తిన్నగా ఐన్ రుమాన ఒయాసిస్సుకి వచ్చి తోటలో దిగింది. యాభై దాటిన మబ్రూకా అప్పటికి ఏడవడం అయిపోయి తిట్లలోకి దిగి ఉంది. డ్రైవర్ ఏడు తరాలనూ తిట్టేసి, అతనికి టీ కూడా తనే కాచి ఇచ్చింది.

“మొదట్నుంచీ చెప్పండి పిన్నీ. శాంపిల్ ఇవ్వమని మీకు ఎవరు చెప్పారు?” అని అడిగింది వర్దియా.

“ఎవరూ చెప్పలేదమ్మాయ్, నా బుద్ధే గడ్డి తింది. ఆ చివరి చెట్టుకి మట్టలు పాలిపోయాయి. ఏం రోగమో తెలిస్తే మందేద్దాం కదా అని ఓ ముక్క కోసుకుని ఆఫీసులో ఇచ్చొచ్చాను. జ్వరమొచ్చిందని ఆస్పత్రికెళ్తే ఇంటిల్లిపాదికీ గోరీలు తవ్వుకోమన్నట్టయింది!”

“ఏ మట్ట కోశారు? మొవ్వు దగ్గరిదా, కిందదా?”

“నడిమిది. పాలిపోయింది అదేగా.”

“ఎవరి చేతికిచ్చారు?”

“ఇంజనీరు జెర్రూఖీ చేతికే. మహా మర్యాద చేశాడు. కూర్చోబెట్టి కాఫీ కూడా పోయించాడు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. మేకకి పచ్చగడ్డి ఊరికే వేస్తారా?”

లాబ్ రిపోర్టులో ఉన్నది ఒకే ఒక్క మాట. బయూద్. అది నేలలో దాగుండే బూజు. వేర్లలోంచి చెట్టులోకి పాకి, మట్టని ఒక పక్కనుంచి తెల్లగా మాడ్చుకుంటూ పోయి, చివరికి మొవ్వునే తినేస్తుంది. దానికి మందు లేదు. ఒక్క చెట్టులో కనబడితే తోటంతా పెకిలించి తగలబెట్టాలి, ఆ నేలలో మళ్ళీ ఖర్జూరం నాటకూడదు. పడమటి ఒయాసిస్సులు దాంతో వల్లకాడయ్యాయి గానీ ఈ లోయలోకి అది ఇంతవరకూ అడుగుపెట్టలేదు. అందుకే పడమటినుంచి ఒక్క ఎండుమట్ట తెచ్చినా ఇక్కడ జైలే. వర్దియా పుట్టింది ఆ పడమటనే. వాళ్ళ నాన్న చెట్లు కాలుతుంటే అమ్మ కొంగు పట్టుకుని చూసిన పిల్ల ఆమె. ఈ తెగులు ఆమెకి పుస్తకాల్లో పరిచయమైంది కాదు. అది అంటే ఆమెకి భయమూ ఉంది, పగా ఉంది.

బూట్లు విప్పి, తలగుడ్డ బిగించి, నడుముకి తాడు చుట్టుకుని ఆమె చివరి చెట్టు ఎక్కింది.

“జాగ్రత్త! నువ్వు పడ్డావంటే ఆ కేసు కూడా నా మీదే రాస్తారు!” అని కింద నుంచి అరిచింది మబ్రూకా.

మబ్రూకా కోసిన మట్ట మోడు చెట్టు తలకి నడిమి వరసలో ఉంది, జానెడు వెడల్పున. వర్దియా చాకు తీసి మోడు మొహాన్ని కొత్తగా చెక్కి చూసింది. లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. బయూద్ పట్టిన మట్టలో గోధుమరంగు చారలుండాలి. ఇందులో గీతంత కూడా లేదు. పక్క మట్టలు పాలిపోయిన మాట నిజమే గానీ, రెండు పక్కలా సమానంగా, కొసలనుంచి ఎండుతున్నాయి. ఇది దాహం. కాలువ నీళ్ళు ఈ చివరికి సరిగ్గా అందడం లేదు.

దిగబోతూ ఆమె ఆగింది. పక్క మట్టని మొదటి నుంచి కొస దాకా అరచేత్తో నిమిరింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. ఆమె మొహంలోకి ఆ పొద్దుట మొదటిసారి నవ్వు వచ్చింది.

“పిన్నీ, వీటి ముళ్ళేవీ?”

“ముళ్ళా? చలికాలం పోయేముందు చెక్కేశాం. ఆడగెలలకి మగపూత కట్టడానికి మనిషి ఎక్కాలా వద్దా? ముళ్ళుంటే చేతులు తూట్లు పడవూ? ఇక్కడ కాపు చెట్టన్నదానికి ఏ తోటలోనూ ముల్లు ఉంచరు. ఆ సంగతి నీకు తెలీదా?”

“తెలుసు. మా నాన్న కూడా చెక్కేవాడు. మీ నోటితో చెప్పించుకోవాలని అడిగాను. మీ తోటలో కాపుకి రాని పిల్ల చెట్లున్నాయా?”

“ఒక్కటీ లేదు. అన్నీ మా ఆయన నాటినవే. నాతోపాటే ముసలివైపోతున్నాయి.”

వర్దియా కింద కాలు పెట్టేసరికి తోట ముందు జీపు ఆగింది. క్వారంటైన్ ఇంజనీరు కమాలుద్దీన్ జెర్రూఖీ దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నల్ల కళ్ళద్దాలు. శాఖలో వర్దియా కంటే పదేళ్ళు సీనియరు. ఆమె విప్పిన రెండు కేసుల్లో తన పేరు వేయించుకున్న ఘనుడు. అతని వెనక వ్యానులో ఇద్దరు పోలీసులున్నారు. మబ్రూకా అడ్డం పడితే ఈడ్చెయ్యడానికి వచ్చినవాళ్ళు.

“ఏం చెల్లెమ్మా, కోతి విద్యలు కూడా నేర్పుతున్నారా విజిలెన్స్‌లో?” అన్నాడు జెర్రూఖీ.

“నేలమీద నిలబడి రాసిన రిపోర్టులు సరిచూడాలంటే చెట్లెక్కక తప్పదు ఇంజనీర్ గారూ.”

“ఈ కేసులో తవ్వడానికి వేర్లు తప్ప ఏమీ లేవు. టీ తాగి బస్సెక్కండి.”

“లాబ్‌లో శాంపిళ్ళు తారుమారయ్యాయేమోనని నా అనుమానం.”

ఆ ఎర చిన్నదే గానీ జెర్రూఖీ గర్వం పెద్దది. కళ్ళద్దాలు తీసి మరీ మింగాడు.

“తారుమారా? నా కేసులోనా? ఆవిడ ముక్క ఇచ్చిన రోజు సాయంత్రమే నేనిక్కడికొచ్చి, నిచ్చెన వేసుకుని, ఆ ముక్కని మోడుకి ఆనించి చూశాను. అతికించినట్టు సరిపోయింది. నా చేత్తో కాగితం సంచిలో పెట్టాను, నా చేత్తో లక్కసీలు వేశాను. మధ్యలో ఇంకో చెయ్యి పడలేదు. కావాలంటే రాసుకోండి.”

“నువ్వెప్పుడొచ్చావయ్యా? నేను చూడలేదే!” అంది మబ్రూకా.

“నువ్వు ఇంట్లో లేవు.”

వర్దియా నిజంగానే రాసుకుంది. ఇద్దరు పోలీసుల చేతా కింద సంతకాలు పెట్టించింది. జెర్రూఖీ కూడా విలాసంగా ఒకటి గీశాడు.

“ఇక లాబ్‌కి వెళ్దాం. మీరు కూడా రావాలి,” అంది వర్దియా.

మబ్రూకాని ఎవరూ పిలవలేదు. ఆమె పిలుపుకోసం ఆగనూ లేదు. జీపు వెనకసీట్లో అందరికంటే ముందు ఆమే కూర్చుని ఉంది.

*

లాబ్ పెద్ద డాక్టర్ నసీమా ఔదీకి తన పనిమీద మాట పడితే ఒళ్ళు మండుతుంది. వాళ్ళని కూర్చోమనలేదు.

“నా దగ్గర శాంపిళ్ళు కలిసిపోయాయని ఎవరన్నారు?”

“నేనే అన్నాను డాక్టర్, తప్పని రుజువు చెయ్యండి. చాలా సంతోషిస్తాను,” అంది వర్దియా.

నసీమా ఒక గాజు పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టింది. అందులో లేత గులాబీరంగు బూజు దూదిలా అల్లుకుని ఉంది. “ఇది ఆ ముక్కలోంచి పెరిగింది. రెండుసార్లు పెంచాను, రెండుసార్లూ ఇదే. బయూదే, సందేహం లేదు. ముక్కని అడ్డంగా కోసి పై సగం పరీక్షకి వాడతాం, మొదలు సగం కేసు తేలేదాకా దాస్తాం. వచ్చిన సంచినీ పారెయ్యం.”

బీరువాలోంచి కాగితం సంచి బయటికొచ్చింది. లాబ్‌లో పక్క అంచు కోసి తెరిచారు గనక మూతి దగ్గర లక్కసీలు అలాగే ఉంది. మీద జెర్రూఖీ ముద్ర.

“ఇది మీ సీలేనా?” అడిగింది వర్దియా.

“నాదే. పగిలిందా? చెదిరిందా? చూసుకోండి.”

“లేదు. అంటే మీరు సంచిలో పెట్టిన ముక్కే లాబ్‌కి చేరింది. డాక్టరుగారి తప్పేమీ లేదు.”

“హమ్మయ్య, బుద్ధొచ్చింది!” అన్నాడు జెర్రూఖీ. నసీమా కూడా కాస్త మెత్తబడి, మిగిలిన సగం ముక్క విప్పింది.

వర్దియా దాన్ని వెలుతుర్లోకి తీసుకెళ్ళింది. కోసినచోట గోధుమరంగు చారలు. ముక్క వెడల్పు రెండు వేళ్ళు. దాని అంచున, వరసగా, వేలెడంత పొడుగున, సూదిలాంటి ముళ్ళు.

ఆమె కావాలనే బొటనవేలు ఒక ముల్లుకి ఆనించి నొక్కింది. పగడమంత రక్తం పైకొచ్చింది. ఆ వేలు జెర్రూఖీ ముక్కు ముందు పెట్టింది.

“పిన్ని తోటలో నేను డజను మట్టలు నిమిరొచ్చాను, ఇంజనీర్ గారూ. గీత కూడా పడలేదు. ఆ తోట ముక్క నన్నెలా గుచ్చింది?”

జెర్రూఖీ వెనక్కి జరిగాడు. “కొత్త మట్ట అయ్యుంటుంది! ముళ్ళు చెక్కాక వచ్చిన మట్టకి ముళ్ళుండవా?”

“ఉంటాయి, మొవ్వులో. మోడు ఉన్నది నడిమి వరసలో. ఆ మట్ట కనీసం రెండు చలికాలాలు చూసింది, రెండుసార్లు కత్తి తిన్నది.”

“అయితే ఈ ముసల్దే ఎక్కడినుంచో తెచ్చి అంటగట్టింది!”

“ఎవర్రా ముసల్ది?” అంటూ లేచింది మబ్రూకా.

వర్దియా ఆమెని ఆపి, సంతకాలున్న కాగితం తీసింది. “మోడుకి ఆనించి చూశానన్నారు. అతికించినట్టు సరిపోయిందన్నారు. మోడు జానెడు, ముక్క రెండు వేళ్ళు. మీ కళ్ళయినా పోయుండాలి, మీ నోరయినా అబద్ధమాడుండాలి. మధ్యలో ఇంకో చెయ్యి పడలేదని కూడా మీరే చెప్పారు. ఇక మార్చింది ఏ చెయ్యి?”

జెర్రూఖీ కాగితం వైపు చూశాడు. సీలు తనదే. సంతకం తనదే. ఇద్దరు సాక్షులూ తను తెచ్చుకున్న పోలీసులే. తాను తీసిన గోతిలో తానే పడ్డవాణ్ణి కళ్ళారా చూసే భాగ్యం వర్దియాకి ఉద్యోగంలో చాలాసార్లు కలిగింది గానీ, ఇంత శుభ్రంగా దూకినవాణ్ణి చూడ్డం ఇదే మొదలు.

“నాకు సీలు చూపించారు, నేను బూజు వెతికాను. బయట ముళ్ళున్నాయని చూడలేదు,” అంది నసీమా. ఆమె చూపు జెర్రూఖీ మీదనుంచి కదల్లేదు.

“తెగులు నిజమే డాక్టర్. మీ పరీక్ష నూటికి నూరుపాళ్ళు ఒప్పు. తోట ఒక్కటే తప్పు. ఈ ముక్క వెడల్పు చూడండి, ముళ్ళు చూడండి. ఇది ఎవరూ ఎక్కని చెట్టుది. ఇంకా కాపుకి రానిది. ఎక్కే అవసరం లేని చెట్టుకి ముళ్ళెవడు చెక్కుతాడు? పిన్నీ, మీ చుట్టుపక్కల పిల్ల చెట్ల తోట ఎక్కడుంది?”

మబ్రూకా ఆలోచించాల్సిన పనే లేకపోయింది. “ఒక్కటే ఉంది. మా తోట దిగువన, కాలువ చివర. చుట్టూ నిలువెత్తు గోడ. లోపలికి ఎవర్నీ రానివ్వరు. కొన్నది ఎవరో తెలుసా? ఇదిగో, ఈ మహానుభావుడి బావమరిది!”

*

గోడ తలుపు తాళంచెవి జెర్రూఖీ జేబులోనే దొరికింది. బావమరిది పేరు కాగితాలకే పరిమితమన్నమాట.

లోపల నడుమెత్తు పిల్ల చెట్లు బారులు తీరి ఉన్నాయి. మజ్‌హూల్ రకం. పడమటి సరిహద్దు అవతల పుట్టే రకం, పండు బంగారం ధర. చాటుగా పిలకలు దాటించి తెచ్చాడు. వాటితోపాటు అడక్కుండానే బయూద్ కూడా వచ్చింది. మూడో బారులో మట్టలు ఒక పక్క పచ్చగా, ఒక పక్క సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఒక చెట్టుకి మట్ట కోసిన గాయం ఇంకా స్పష్టంగానే కనబడింది. వర్దియా లాబ్ ముక్కని దానికి ఆనించింది. అతికించినట్టు సరిపోయింది.

ముప్పై ఏళ్ళ తర్వాత ఆ తెలుపు మళ్ళీ ఆమె కళ్ళబడింది. కానీ ఈసారి తను పక్కన నిలబడి చూసే పిల్ల కాదు. ఆ సంగతి గుర్తొచ్చి గుండె ఉప్పొంగింది.

“ఎందుకు చేశాడమ్మాయ్? నేనేం చేశాను వీడికి?” అడిగింది మబ్రూకా.

“మీరు ఎగువన ఉన్నారు పిన్నీ, అదొక్కటే మీ తప్పు. తన చెట్లు చస్తున్నాయి. నాలుగు రోజులు పోతే అందరికీ తెలుస్తుంది, పిలకలు ఎక్కడివని అడుగుతారు, జైలు ఖాయం. అదే తెగులు మీ తోటలో ముందు కనబడిందనుకోండి, మీ నీళ్ళతో కిందికి కొట్టుకొచ్చింది, పాపం ఇంజనీరుగారు కూడా నష్టపోయారు అంటారు. దొంగ కాస్తా బాధితుడవుతాడు. అలాంటి సమయానికి మీరే వెళ్ళి శాంపిల్ చేతికిచ్చారు. కాఫీ పోయించడూ మరి!”

“నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. అయితే అమ్మాయ్, వీడి నీళ్ళు మా తోటలోకి…”

“రావు. ఎదురెక్కి ఏ కాలువా పారదు. మీ చెట్లకి ఏమీ కాలేదు. రెండు తడులు ఎక్కువ పెట్టండి, ఆ చివరి చెట్టు కూడా లేచి కూర్చుంటుంది.”

మబ్రూకా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక ఆడిస్తూ, పెళ్ళిళ్ళలో ఎత్తే సంబరపు కూత ఎత్తింది. పక్క తోటల్లోంచి ఆడవాళ్ళు సంగతేంటో తెలీకుండానే బదులు కూత వేశారు. పోలీసులు జెర్రూఖీ చేతులకి బేడీలు వేశారు. కూత విని వచ్చిన బుల్డోజర్ డ్రైవర్ గోడ మీదుగా తల పెట్టి, “ఇంతకీ నేను ఎటు తోలాలమ్మా?” అని అడిగాడు.

“ఇటే! నీ ఇంజన్లో చమురు అయిపోతే నేను పోయిస్తాను, ఇటే తోలు!” అంది మబ్రూకా.

వర్దియా ఆ నవ్వులో కలిసింది గానీ కళ్ళు మాత్రం బారుల వెంట పోతూనే ఉన్నాయి. ఆఖరి బారులో చెట్లు లేవు, గుంతలున్నాయి. మట్టి ఇంకా తడారలేదు. నిన్న తవ్వినవి. పిలకల్ని వేర్ల మట్టితో సహా పెకిలించి తీసుకుపోయారు.

ఆమె నవ్వు ఆగిపోయింది. జెర్రూఖీ వైపు తిరిగింది.

“ఇక్కడి పిలకలు ఎక్కడికి పోయాయి?”

“లాయరు వస్తే మాట్లాడతాను.”

“వేర్లతో, మట్టితో పోయాయి జెర్రూఖీ! ఆ మట్టిలో బూజుంది. ఎక్కడ?”

జవాబు మబ్రూకా దగ్గర్నుంచి వచ్చింది. కూతతో ఎర్రబడ్డ ఆమె మొహం పాలిపోయింది.

“నిన్న పెద్ద మసీదు వక్ఫ్ తోటలో ఆరు పిలకలు నాటారు. ఎవరిచ్చారని అడిగితే, గుప్తదానం, పేరు చెప్పకూడదన్నాడు ఇమామ్. ఇంత మండుటెండల్లో పిలకలు నాటే పిచ్చివాడెవడా అని నవ్వుకున్నాం అందరం…”

విజిలెన్స్ వస్తోందని తెలియగానే పిలకల్ని వదిలించుకోవడం మొదలుపెట్టాడన్నమాట. పారేస్తే పట్టుబడతాడు. అమ్మితే కొన్నవాడు నోరు విప్పుతాడు. దానమిస్తే ఎవరూ అడగరు. పాపాన్ని మూటగట్టి పుణ్యం ఖాతాలో వేశాడు.

“మసీదు తోట ఎక్కడుంది పిన్నీ?”

“ఊట మొదట్లో. ఊరందరి నీళ్ళూ ముందు ఆ తోట తడిపాకే కిందికి దిగుతాయి. ముందు వాళ్ళకి, తర్వాత నాకు, ఆ తర్వాత మిగతా లోయకి.”

“కొత్త పిలకలకి నీళ్ళు పెట్టారా?”

“లేదు. నిన్న వంతు కాదు. ఇవాళే తూము ఎత్తుతారు. మధ్యాహ్నం నమాజ్ అవగానే.”

ఆ మాట పూర్తికాకముందే మినార్ మీది మైకు గరగరలాడింది. అజాన్ మొదలైంది.

వర్దియా జెర్రూఖీ చొక్కా పట్టుకుంది. ఎవరి సలహా, ఇమామ్‌కి ఎంత తెలుసు, ఇంకెవరికైనా ఇచ్చాడా అని ప్రశ్నలన్నీ ఒక్కసారే గొంతులోకొచ్చాయి. ఈలోగా వెనక జీపు హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. మబ్రూకా గోడకి ఆనించి ఉన్న పార లాక్కుని అప్పటికే ముందుసీట్లో కూర్చుంది.

“ఇంకా నిలబడ్డావేంటమ్మాయ్! వాడు ఎక్కడికీ పోడు. నీళ్ళు పోతాయి!”